ఈశాన్యం మూల పిల్లర్

అద్దం ముక్క పగిలింది.

పోయిన ఆదివారం గ్రేస్ వాళ్ల నాన్న జోజి హాలు గోడ మీది బీటకు అడ్డంగా, రెండు కొసలకూ సిమెంటు పూసి అంటించి వెళ్లిన ముక్క. వేలెడు పొడుగు కూడా లేదు. "పాత బీటైతే అద్దం గిట్లనే ఉంటది. పెరిగేదైతే పగులుద్ది. పొద్దున లేవంగనే చూస్తుండు బిడ్డా" అని కూతురికొక్కదానికే వినబడేట్టు చెప్పిపోయాడు. జోజి నలభై ఏళ్లుగా మేస్త్రి. ఊరికే భయపెట్టే మనిషి కాదు.

ఐదు రోజులు గ్రేస్ పళ్లు తోముకోకముందే దాన్ని చూసి, దేవుడికి వందనాలు చెప్పుకుని, పొయ్యి వెలిగించింది. ఆరో రోజు, ఈ శనివారం, అద్దం నడుమ నిలువునా గీత. కుడి పక్క ముక్క రవ్వంత కిందికి దిగి ఉంది.



పైన మూడో అంతస్తులో ఆమె భర్త సుకుమార్ ఇనప మంచాలు ఈడుస్తున్నాడు. ఈడ్చినప్పుడల్లా ఆ చప్పుడు స్లాబుల గుండా కిందికి దిగివస్తోంది. మధ్యాహ్నానికి పిల్లలు వస్తారు. నలభై మంది ఆడపిల్లలు. ఈ రాత్రి నుంచి ఆ మంచాల మీదే పడుకుంటారు.

"మామయ్యా, అద్దం పగిలింది" అంది గ్రేస్.

ఆమె మామగారు షాలేమ్‌రాజు మొహానికి అడ్డంగా పట్టుకున్న పేపర్ దించలేదు. "పగిలితే ఊడ్చి పారెయ్యి. పిల్లలొచ్చే ఇల్లు, కాళ్లల్ల గుచ్చుకుంటది."

"ఊకె పగల్లేదు మామయ్యా. బీట పెరుగుతుంది."

"పిల్లి తగిలి ఉంటది."

"మన ఇంట్ల పిల్లి లేదు."

షాలేమ్‌రాజు పేజీ తిప్పాడు.

షాలేమ్‌రాజు చెడ్డవాడని అనుకునేరు, కాదు. ఆర్టీసీ డిపోలో క్లర్కుగా పనిచేసి, నలుగురికీ సాయపడి, మంచి పేరుతో రిటైరైన మనిషి. ఆయనకు వచ్చిన జబ్బు ఇప్పుడు ఖమ్మంలో సగం ఇళ్లకు వచ్చిన జబ్బే. పక్క వీధి మిర్చి వ్యాపారి ఐదంతస్తులు లేపి లిఫ్టు పెట్టించాడు. ఎదురింటి టీచరుగారు మామిడిచెట్టు కొట్టేసి హాస్టలు కట్టారు. కోచింగు కాలేజీలు వీధికొకటి వెలిశాయి. తండాల నుంచీ, భద్రాచలం అడవి ఊళ్ల నుంచీ పిల్లలు పెట్టెలు మోసుకుంటూ బస్సులు దిగుతుంటే, షాలేమ్‌రాజుకు తన డాబా మీది ఆకాశం కూడా కిరాయికి ఇవ్వదగ్గ జాగాలాగే కనిపించింది. నిరుడు రెండంతస్తుల ఇంటి మీద హాస్టలుకని మరో రెండు ఎక్కించాడు. జిల్లా పెరుగుతుంటే మనం పెరగొద్దా అని అడిగాడు. అడిగిన తీరుకు ఇంట్లో ఎవరూ వద్దనలేకపోయారు.

"నాన్నకు ఫోన్ చేసిన. వస్తుండు" అంది గ్రేస్.

అప్పుడు దిగింది పేపర్.

"ఎవర్నడిగి చేసినవ్?"

మెట్ల మీంచి సుకుమార్ చెమటలు తుడుచుకుంటూ దిగి, ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయాడు.

"ఇయ్యాలనే దొరికిందా నీకు?" అన్నాడు భార్యతో. "పిల్లల తల్లిదండ్రులు వచ్చే రోజు. మీ నాన్న వచ్చి గోడలకు చెవులు పెట్టి వింటుంటే వాళ్లేమనుకుంటరే?"

"నువ్వొకసారి ఆ అద్దం చూడు."

సుకుమార్ చూశాడు. దగ్గరికి పోయి, వేలితో తాకబోయి, తాకకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తండ్రి వైపు చూశాడు. తండ్రి పేపర్‌ను నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు.

"టిఫిన్ చెయ్యండ్రి, చల్లారుతుంది" అని వంటింట్లోంచి పిలిచింది అత్తగారు ఫ్లోరెన్స్.

గ్రేస్ వంటింట్లోకి వెళ్లేసరికి ఫ్లోరెన్స్ నలభై మందికి సరిపడా పప్పు కడుగుతోంది. కడిగిన పప్పునే మళ్లీ మళ్లీ కడుగుతోంది. తలుపు వెనక మేకుకు ఆదివారాలు చర్చికి తీసుకెళ్లే ఆమె సంచి వేలాడుతోంది. ఉబ్బి ఉంది. జిప్పు పడని చోట సుకుమార్ పదో తరగతి సర్టిఫికెట్టు అంచు, పెళ్లి ఫోటో మూల కనబడుతున్నాయి.

గ్రేస్ సంచినీ అత్తనూ మార్చి మార్చి చూసింది.

"బాత్రూమ్ తలుపు గడియ పడతలేదు నిన్నటి సంది" అంది ఫ్లోరెన్స్, తల ఎత్తకుండా. "వడ్లాయన మొన్ననే చిత్రిక పట్టిపోయిండు. మళ్ల బిగుసుకుంది."

"మీకు భయమైతలేదా అత్తయ్యా?"

ఫ్లోరెన్స్ నీళ్లు వంపింది.

"ముప్పై ఏండ్లు కిరాయి ఇండ్లల్ల తిరిగినం" అంది. "ఒకామె పొద్దుగాల పాట పాడొద్దన్నది. ఒకాయన మా చుట్టాలొస్తే నీళ్లు బంద్ చేసేటోడు. ఒకసారైతే ప్రసవమై పదిరోజులు కాలే, సామాను రోడ్డు మీద పెట్టిండ్రు. గప్పుడు మీ మామ చెప్పిండు, ఫ్లోరెన్స్, ఎవ్వడూ పొమ్మనని ఇల్లు కడతా అని. కట్టిండు. నేనెట్ల చెప్పాలె ఆయనకు, ఈ ఇల్లే మనల్ని పొమ్మంటుందని?"

గ్రేస్ ఆమె తడి చేతిని పట్టుకుంది. ఇద్దరి చేతులూ చల్లగా ఉన్నాయి.

జోజి పదింటికి మోపెడ్ మీద వచ్చాడు. భుజానికి చుట్టలు చుట్టిన లెవెల్ పైపు. సన్నని ప్లాస్టిక్ గొట్టం, లోపల నీళ్లు.

"వందనాలు బావగారూ."

"వందనాలు" అన్నాడు షాలేమ్‌రాజు. కూర్చోమనలేదు.

జోజి కూర్చోలేదు కూడా. తిన్నగా హాల్లోకి వచ్చి అద్దాన్ని ఒక్కసారి చూశాడు. గొట్టం ఒక కొస కూతురి చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో పని దగ్గర ఈ కొస పట్టుకునేది ఆమే. నీళ్లు ఊగకుండా ఎట్లా నిలబడాలో ఆమెకు తెలుసు.

పోయిన వారం జోజి రెండు పిల్లర్ల మీద నీలం పెన్సిల్‌తో సరిసమానంగా రెండు గీతలు పెట్టాడు. నైరుతి మూల పిల్లర్ దగ్గర గ్రేస్ నిలబడి నీళ్లను గీతకు సరిగ్గా ఆనించింది. ఈశాన్యం మూల పిల్లర్ దగ్గర జోజి నిలబడ్డాడు.

"ఆగినయా నీళ్లు?"

"ఆగినయ్ నాన్నా. గీత మీదనే ఉన్నయ్."

జవాబు రాలేదు. గ్రేస్ గొట్టాన్ని అట్లాగే పట్టుకుని మెడ తిప్పి చూసింది. తండ్రి చేతిలో నీళ్లు నీలం గీత మీద లేవు. వేలు మందం పైన నిలబడి ఉన్నాయి. నీళ్లు పైకి ఎక్కవు కదా. గీతే కిందికి దిగింది, గీతతో పాటు పిల్లరూ దిగింది.

"ఆరు రోజులల్లనా?" అన్నాడు సుకుమార్.

జోజి గొట్టం కింద పెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతుల్లో పిండసాగాడు.

"బావగారూ, ఇగ దాచి లాభం లేదు."

"దాచేదేముంది ఇందుల?" షాలేమ్‌రాజు గొంతు పెంచాడు. "కొత్తింటికి బీటలు రావా? ఎండాకాలం ఎండింది, వానలకు తడిసింది."

"అల్లుడికి చెప్పాలె. బిడ్డకు చెప్పాలె."

పద్నాలుగేళ్ల కిందటి సంగతి. వాస్తు మేం పట్టించుకోం అని చర్చిలో చెప్పుకునే షాలేమ్‌రాజే, మొదటి గొయ్యి ఈశాన్యం మూలే తవ్వించాడు. ఈస్టర్ మర్నాడు పునాది ప్రార్థన. ఈ స్థలం ఒకప్పుడు కుంట, పూడ్చి ప్లాట్లు చేశారు. ప్రార్థన రోజు తెల్లారి చూసేసరికి గోతిలో ఊట. నీళ్లు తోడించి, గట్టి మొరం నేల తగిలేదాకా ఇంకో నిలువు లోతు తవ్వాలన్నాడు జోజి. అప్పటికే షామియానా వేశారు. బిర్యానీ దించారు. పాస్టరుగారికి పదకొండింటి బస్సుకు భద్రాచలం పోవాలి, అక్కడెవరిదో సమాధి కార్యక్రమం. ప్రార్థన కాగానే వచ్చినవాళ్లంతా తలా ఒక తట్ట కాంక్రీటు గోతిలో వెయ్యడం వాళ్లలో ఆనవాయితీ. యాభై మంది మంచి బట్టలు కట్టుకుని తట్టల కోసం వరస కట్టారు. ప్రార్థన మధ్యలో గొయ్యి పూర్తి కాలేదని ఆపితే ఇల్లు ముందుకు సాగదని అందరూ అనుకుంటారు. జోజి నాలుగు తట్టల మొరం, ఇన్ని రాళ్లు గుమ్మరించి, బురద కనబడకుండా చేశాడు. యాభై మందీ "ఆమెన్" అంటూ యాభై తట్టలు వేశారు.

"ఆ ఒక్క పిల్లరే" అన్నాడు జోజి. "కడమవన్నీ మొరం మీదనే ఉన్నయ్. రెండంతస్తులు మోస్తది, దాటొద్దని ఆ సాయంత్రమే మీకు చెప్పిన. ఆ తర్వాత నా బిడ్డను ఈ ఇంటికిచ్చిన. నిరుడు మీరు వేరే మేస్త్రిని పెట్టి పైకి లేపుతుంటే రెండుసార్లు గేటు దాకా వచ్చి మళ్లిపోయిన. వియ్యంకుణ్ణి, ఎట్ల చెప్పాలె అనుకున్న. అది నా తప్పు. దేవుని ముందట గూడ నా తప్పే."

"నాన్నా" అన్నాడు సుకుమార్, తన తండ్రితో. "నీకు ముందే తెల్సా?"

షాలేమ్‌రాజు చూపు తిప్పుకున్నాడు.

"రెండే మోస్తదన్నడు. పద్నాలుగేండ్లు మోసింది గదా. పై రెండూ తేలిక ఇటుకతోని కట్టించిన, ఆలోచించే కట్టించిన."

"పైన ట్యాంకుల నీళ్లు గూడ తేలికనా?" అన్నాడు జోజి.

సుకుమార్ ఒక్క అంగలో పోయి, ట్యాంకుకు నీళ్లెక్కిస్తున్న మోటారు స్విచ్ ఆపేశాడు. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. ఏం వినబడుతుందోనని ఎదురు చూస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోలేదు.

"ముందుగాల మనుషులు దిగాలె" అన్నాడు జోజి నెమ్మదిగా. "ట్యాంకు ఖాళీ చెయ్యాలె. నేను సాయంత్రానికి జాకీలు, మొద్దులు తెప్పించి బరువు పట్టిస్త. పిల్లల్ని మాత్రం ఇయ్యాల రానియ్యొద్దు."

"హాస్టలు మీద ఒక్క మాట పడితే ఊరంతా పాకుద్ది. మళ్ల ఈ గేటు ఎవ్వడు తొక్కుతడు?" షాలేమ్‌రాజు దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "వారం ఆగు. పిల్లల్ని దిగనియ్యి. తర్వాత రిపేర్ అని చెప్పి నీ జాకీలు పెట్టుకో. ఒక్క వారం."

"నావల్ల కాదు బావగారూ."

"కాదా? పునాది పోసింది నువ్వు, మేస్త్రీ." ఏడేళ్లుగా బావా అన్న నోటితోనే అన్నాడు. "రేపేదన్న అయితే పోలీసులు ముందు ఎవర్ని అడుగుతరు? నీ పేరే అడుగుతరు."

సుకుమార్ ఇద్దరి మధ్యా నిలబడి, "ఒక్క వారమే గదా మామయ్యా, జాగ్రత్తగ ఉంటే..." అని గొణిగాడు. జోజి నేల చూస్తున్నాడు. తువ్వాల పిండుతున్నాడు. తల ఊపబోతున్నాడని గ్రేస్‌కు తెలిసిపోయింది. పాస్టరుగారి బస్సు టైముకు తల ఊపిన మనిషి, నలుగురిలో మాట కాదనలేని మనిషి, మళ్లీ ఊపుతాడు. పిల్లర్ దిగిందని తెలిసినప్పటి కన్నా ఎక్కువ భయం ఆమెకు అప్పుడు వేసింది.

"నాన్నా" అంది. "ఆనాడు గుంటల మనుషులు లేరు. బురదే ఉంది. ఇయ్యాల పైన పిల్లలుంటరు."

జోజి తల ఆగిపోయింది.

బయట ఆటో హారన్ మోగింది.

చెప్పిన టైముకు రెండు గంటలు ముందే వచ్చారు. కారేపల్లి అవతలి తండా నుంచి బిచ్యా, అతని భార్య రూప్లి, కూతురు సరళ. ఒక ట్రంకు పెట్టె, ఒక బియ్యం మూట, పచ్చడి సీసా. అంతా బయటికి నడిచారు. ఎవరు ముందు ఏం చెప్పాలో తెలియక వాకిట్లో గుంపుగా నిలబడ్డారు. ఫ్లోరెన్స్ చేతికి ఆ ఉబ్బిన సంచి ఉంది. షాలేమ్‌రాజు దాన్ని చూసి, గేటు వైపు తిరిగాడు.

"మాదే ఫస్టా సార్?" బిచ్యా మొహం వెలిగిపోతోంది. "మా తండల డాక్టర్ చదువుకు వచ్చిన మొదటి పిల్ల గిదే." తల వెనక్కి వంచి నాలుగంతస్తులూ చూశాడు. "గట్టి ఇల్లు సార్. మావి రేకులిండ్లు. గాలొస్తే పిల్ల పుస్తకాలు పట్టుకుని మంచం కింద దూరేది. ఇగ ఆ బాధ లేదు."

రూప్లి గోడను అరచేత్తో తడిమి, కూతురి వైపు చూసి నవ్వింది.

గ్రేస్ నోరు తెరిచింది. చెప్పాలి. చెబితే నాన్న పేరు పోతుంది, ఈ ఇంట్లో తన చోటూ పోతుంది. ఆ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ క్షణంలోనే షాలేమ్‌రాజు నవ్వు తెచ్చుకుని, "పో బిడ్డా, మూడో అంతస్తు. నచ్చిన మంచం చూసుకో" అనేశాడు. ఆ పిల్ల చెప్పులు విడిచి, రెండేసి మెట్లు ఎక్కుతూ పోయింది.

గ్రేస్ తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేని క్షణం అది.

జోజి ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి నడిచాడు. ఈశాన్యం మూల పిల్లర్‌కు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని నేల మీద కూర్చున్నాడు. వాకిట్లోంచి అందరికీ కనబడుతున్నాడు.

"ఏందిది?" షాలేమ్‌రాజు పళ్లు బిగించాడు. "లెవ్వు."

"లెవ్వ బావగారూ. ఆ పిల్ల దిగాలె, ఈ ఇంట్లకు ఇంకెవ్వరూ రావొద్దు. అందాక నేనీడనే ఉంట. ఈ పిల్లర్ నేను పోసింది. దీని కింద ముందుగాల నేనుండాలె."

"ఏమంటుండు సార్ ఆ పెద్దాయన?" అన్నాడు బిచ్యా.

"ఏం లేదు, మా బావ. కొంచెం... సుకుమార్, మీ మామను లేపుకరా."

సుకుమార్ లోపలికి పోలేదు. తల్లి పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

గ్రేస్ మామగారి ఎదటికి వచ్చింది.

"ఇల్లు గట్టిదే గదా మామయ్యా. మీరే లోపలికి పోయి, చెయ్యి పట్టుకుని లేపుకరాండ్రి."

షాలేమ్‌రాజు విసురుగా బయల్దేరాడు. నాలుగు అడుగులు. గడప దగ్గర కుడికాలు ఎత్తాడు. లోపల ఎక్కడో గోడలోంచి టక్‌మని చిన్న చప్పుడైంది. ఎండు పుల్ల విరిచినంత చప్పుడు.

ఎత్తిన కాలు గడప దాటలేదు. మెల్లగా వెనక్కి వచ్చి ఇవతలే ఆనింది.

బిచ్యా ఆ కాలును చూశాడు. కట్టిన మనిషిని చూశాడు, కట్టించిన మనిషిని చూశాడు. చేతిలోని ట్రంకు పెట్టె నేల మీదికి జారింది.

"సార్" అన్నాడు. "మా పిల్ల పైనున్నది సార్."

రూప్లి కేక పెట్టింది, తమ భాషలో. పై నుంచి జవాబుగా సరళ కిటికీ ఊచలు పట్టుకుని, ఎగిరెగిరి నవ్వుతూ అరిచింది.

"బాపూ! కిటికీ పక్క మంచం నాదే! ఈడికెళ్లి రైలు కనపడుతుంది!"

బిచ్యా ముందుకు దూకబోయాడు. గ్రేస్ అతని రెక్క పట్టుకుని ఆపింది. "అన్నా, మీరు రావొద్దు, బరువు పడొద్దు. నేను తీసుకొస్త." సుకుమార్ ఆమె పేరు పెట్టి పిలిచాడు. ఆమె తిరిగి చూడలేదు. మామగారు గడపకు అడ్డంగా అట్లాగే నిలబడి ఉంటే, ఆయన భుజాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్లింది.

"మెల్లగ ఎక్కు బిడ్డా, ఉరకొద్దు" అన్నాడు జోజి, పిల్లర్‌కు ఆనించిన వీపు తియ్యకుండానే. "మీరిద్దరు దిగేదాక నేను కదల."